నత్తగుల్లలు ఏరిన షావుకారు

ప్రదీప్‌కి ఆ ఊళ్లో రోత పుట్టించనిది ఏదీ లేదు. విశాఖపట్నంలో బీబీఏ చదివి, సెల్‌ఫోన్ల షోరూములో టై కట్టుకుని నిలబడిన కుర్రాడు. షోరూము మూతపడ్డాక ఇచ్ఛాపురం పక్కనున్న సొంత పల్లెకి తిరిగొచ్చి తాత కిరాణా కొట్లో కూర్చోవలసి వచ్చింది. బెల్లం దిమ్మల మీద ఈగలు తోలడం, బురదకాళ్లతో వచ్చే రైతులకి కందిపప్పు పొట్లం కట్టడం. ఎవరైనా "చిన్న షావుకారూ" అని పిలిస్తే చెంప మీద కొట్టినట్టుండేది వాడికి. తలెత్తకుండా ఫోను చూసుకుంటూనే సరుకు ఇచ్చేవాడు. ఒకామె ఉప్పు అడిగితే పంచదార ఇచ్చాడు కూడా. ఆమె తిరిగొచ్చి మార్చమంటే తప్పు ఆమెదే అన్నట్టు చూశాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, దొడ్లో ఉన్న చింతచెట్లు ఒక ఎత్తు.

కొట్టు వీధి వైపు ఉంటుంది. దాని వెనక ఇల్లు, ఇంటి వెనక దొడ్డి. తొలకరి వాన పడగానే ఎక్కణ్ణుంచో నత్తగుల్ల కొంగలు ఆ దొడ్లోని చింతచెట్ల మీద దిగుతాయి. కొమ్మకొమ్మకీ గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, చలి ముదిరాక వెళ్లిపోతాయి. చూడ్డానికి సొగసైన పక్షులేం కావు. బూడిదరంగు ఒళ్లు, నల్లరెక్కలు, నడుమ ఎప్పటికీ కలవని వంకర ముక్కు. పాట రాదు. ముక్కులు టకటకలాడించుకుంటాయి, అంతే. కింద నేలంతా సున్నం కొట్టినట్టు రెట్ట. గూళ్లలోంచి జారిపడిన నత్తమాంసం అక్కడే కుళ్లుతుంది. వాన వెలిసి ఎండ కాసిందంటే ఆ కంపు ఇంట్లోకొచ్చి కంచం ముందు కూర్చునేది. ఆ నెలల్లో ఆ ఇంటివాళ్లు దొడ్లో బట్టలు ఆరెయ్యరు. నూతి దగ్గరికి వెళ్లాలంటే గొడుగు వేసుకుంటారు. దీపావళికి కూడా ఆ వీధిలో ఒక్క టపాకాయ పేలదు. ఇదంతా ప్రదీప్‌కి వెర్రిగా తోచేది. పక్షుల పాయిఖానాకి మనుషులు కాపలా కాస్తున్నారని స్నేహితులతో చెప్పి నవ్వేవాడు.

తాత నగరేశ్వరరావుకి ఎనభై దాటాయి. ఆయన నోటికి ఊరంతా జంకేది. వచ్చినవాడి తలపాగా దగ్గర్నుంచి వాడి అల్లుడి బుద్ధి దాకా ఏదో ఒకటి ఎత్తిపొడవనిదే ఆయన తక్కెడ ముట్టడు. అయినా జనం ఆ కొట్టుకే వచ్చేవారు. తూకం నికార్సుగా ఉంటుందని కొందరు, ఆ తిట్లు వినకపోతే పొద్దుపోదని కొందరు. మనవడి చదువంటే ఆయనకి మరీ చులకన.

"బీబీఏ అంటే ఏటిరా?" అని ఓసారి నలుగురిలో అడిగాడు. వ్యాపారం ఎలా చెయ్యాలో నేర్పుతారని ప్రదీప్ చెప్పాడు.

"ఉప్పుకీ పంచదారకీ తేడా ఏ ఏడు సెప్తారు మరి?" అన్నాడు తాత.

శ్రావణంలో ప్రదీప్ చెల్లెలు పింకీకి సంబంధం కుదిరింది. విజయనగరంలో పెద్ద బట్టలకొట్టు వాళ్లు. పెళ్లికొడుకు పేరు ధర్మేంద్ర. తాంబూలాలు ఇచ్ఛాపురంలో ఏసీ ఫంక్షన్ హాల్లో పెట్టుకుందామని ప్రదీప్ పట్టుబట్టాడు. తండ్రి జగన్నాధం సరేనన్నాడు. ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్లతో ఏకీభవించే మనిషి ఆయన. తాత మాత్రం కుదరదన్నాడు. ఆ ఇంటి ఆడపిల్లల తాంబూలాలన్నీ ఆ ముందుగదిలోనే మార్చుకున్నారట, ఇదీ అక్కడేనట. దాంతో జగన్నాధం దానికీ సరేనన్నాడు.

ఆ వాసనకి వచ్చినవాళ్లు వచ్చినట్టే పారిపోతారని ప్రదీప్ గింజుకున్నాడు.

"ముక్కులు ఇంటికాడ ఒగ్గేసి రమ్మను" అని తాత పేపరు విప్పుకున్నాడు.

తాంబూలాలకి రెండు రోజుల ముందు ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని శ్రీకూర్మం బయల్దేరారు, పింకీ చీర స్వామి దగ్గర పెట్టి తెచ్చుకుందామని. కొట్టు చూసుకోవడానికి ప్రదీప్ ఉండిపోయాడు. కారు మలుపు తిరగ్గానే బాబీకి ఫోన్ చేశాడు. బాబీ చిన్ననాటి స్నేహితుడు, పెళ్లిళ్లకి డీజే పెడతాడు, ఊరేగింపులకి బాణాసంచా కాలుస్తాడు. సంచినిండా ఔట్లు, ఒక పెద్ద సీమటపాకాయల వాలా పట్టుకుని బండి మీద వచ్చాడు.

ప్రదీప్ లెక్క ఒక్కటే. ఒక్కసారి హడలగొడితే కొంగలు ఎటో పోతాయి, ఈలోగా దొడ్డి కడిగించి ఫినాయిల్ పోయించొచ్చు. తర్వాత తిరిగొస్తే వస్తాయి, లేకపోతే పీడా పోయింది. బుర్రలేని పక్షులు, వాటికి ఈ చెట్టేమిటి, ఆ చెట్టేమిటి.

మొదటి ఔటు పేలగానే చెట్లన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. వందల రెక్కలు ఒకేసారి విప్పుకుని పైకి లేచేసరికి దొడ్డి మీద నీడ పడింది. ఇద్దరూ ఈలలు వేశారు. బాబీ వీడియో తీశాడు. ఇంకో ఔటు, మరో ఔటు, ఆఖర్న వాలా. పొగ చెట్ల కొమ్మల్లో చిక్కుకుని నిలబడిపోయింది.

ఆ పొగలోంచి ఏదో దబ్బుమని పడింది. తర్వాత ఇంకోటి. ప్రదీప్ ముందు విరిగిన కొమ్మలనుకున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే పిల్లలు. ఇంకా ఎగరడం రాని, రెక్కల నిండా ఈకలు రాని పిల్లలు హడలిపోయి గూడంచుకి వచ్చి జారిపోతున్నాయి. కొన్ని పడ్డవి పడ్డట్టే ఉండిపోయాయి. కొన్ని మెడలెత్తి నోళ్లు తెరిచాయి. పైన పెద్ద పక్షులు తిరుగుతున్నాయి గానీ పొగకి దిగడం లేదు. కాకులు మాత్రం దిగాయి, వాటి వెనకే గద్దలు. ఇక్కడ ఎవరి కోసం విందు వేశారో వాటికి ప్రదీప్ కంటే ముందే తెలిసినట్టుంది. అవి ఒక్కో గూడూ వెతుక్కుంటూ తాపీగా తిన్నాయి. ప్రదీప్ కర్ర పట్టుకుని అదిలించాడు. చెట్టుచివరనున్న కాకి కింద కర్ర తిప్పుతున్న మనిషిని ఓసారి చూసి, మళ్లీ తన పనిలో పడింది.

బాబీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. సోంపేటలో ఏదో బుకింగ్ ఉందని చెప్పి బండెక్కాడు.

అప్పటికి దడి అవతల జనం చేరారు. తిడితే తిట్టడానికి ప్రదీప్ దగ్గరా మాటలున్నాయి. వాళ్లు తిట్టలేదు. ఎదురింటి నీలవేణి నూనెకి సీసా పట్టుకుని వచ్చింది. దొడ్లోకి చూసింది, వాడి వైపు చూసింది. కాలికి అంటుకున్నదాన్ని చూసినట్టు చూసి, ఖాళీ సీసాతోనే వెనక్కి వెళ్లిపోయింది. రైతు కూర్మయ్య దడి పక్కన ఉమ్మేసి తన దారిన పోయాడు. సాయంత్రం దాకా కొట్టుకి ఒక్కరూ రాలేదు.

కారు వచ్చేసరికి వాన పట్టింది. తల్లి దొడ్లోకి తొంగిచూసి చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది. జగన్నాధం కొడుకునీ తండ్రినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరూ మాట్లాడకపోయేసరికి ఎవరితో ఏకీభవించాలో తెలీక స్నానానికి వెళ్లిపోయాడు.

తాత గొడుగు వేసుకుని చెట్ల కిందికి నడిచాడు. చేతికర్రతో ఒక పిల్లని కదిపి చూశాడు. అది మెడ ఎత్తి కర్రని కరిచింది.

"పెద్దయ్యి పొద్దోయేసరికి తిరిగొస్తాయి" అన్నాడు. "గూట్లో మిగిలినోటికి ఎట్టుకుంటాయి. కిందన పడినోటికి ఎట్టవు."

"ఎందుకు పెట్టవు?" అని అడిగాడు ప్రదీప్.

"ఆటికి గూట్లో ఉన్నదే పిల్ల. నేల మీద ఉన్నది పిల్ల కాదు. ఇయ్యి ఇంక నీ పిల్లలు. నువ్వెట్టు."

ఏం పెట్టాలన్నాడు ప్రదీప్. నత్తగుల్లలన్నాడు తాత. ఆ మాట వినగానే తల్లి గుమ్మంలోంచి గొల్లుమంది. తరతరాలుగా నీచు ముట్టని ఇల్లు, ఎల్లుండే శుభకార్యం, ఇంట్లోకి నత్తలేమిటని.

"ముట్టరమ్మా, ఈ ఇంట్లో నీచు ముట్టరు" అన్నాడు తాత. "నీచపు పని సేసినోడున్నాడు గానీ. పశువులసాల ఖాళీగానే ఉన్నాది, అందులో పెట్టుకోమను."

కూలికి ఎవరినైనా పెడదామని ప్రదీప్ గొణిగాడు.

"ఔట్లు కూలికి పెట్టి కాల్పించినావేటి?" అని తాత లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ప్రదీప్ ప్యాంటు మడిచి, ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని కూర్మయ్య మడిలో దిగాడు. మోకాలి లోతు బురద. నాటు పడి నెల కూడా కాని వరి. మొక్కల మొదళ్లలో చెయ్యి పెడితే జిగటగా ఏదో తగిలేది, ఒళ్లు జలదరించేది. కూర్మయ్య గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. సాయం పట్టలేదు. వద్దనీ అనలేదు. చాలాసేపు చూసి ఒకే మాట అన్నాడు.

"అది గుల్ల కాదు బాబూ, రాయి."

మధ్యాహ్నానికి బకెట్టు అడుగు నిండింది. అంతలో, ముందురోజు పొద్దుపోయేసరికే చెట్లకి తిరిగొచ్చిన కొంగలు పక్కమడిలో దిగాయి. నీళ్లలో ముక్కు పెట్టి ఇలా తీసేసరికి గుల్ల, ఇంకోసారి తీసేసరికి ఇంకో గుల్ల. కూర్మయ్య వాటికేసి, బకెట్టుకేసి చూశాడు. ఆ గుల్లలు లేత మొక్కని నీటి మట్టానికి కొరికి పారేస్తాయనీ, కొంగలు దిగని ఊళ్లలో మందుగుళికలు పోసుకుంటారనీ, తను ఇంతవరకూ పోయలేదనీ చెప్పాడు. ప్రదీప్‌కి నేర్పాలని చెప్పినట్టు లేదు. బకెట్టుని వెక్కిరించడానికి చెప్పినట్టుంది.

పశువులసాలలో రాయి మీద గుల్లలు పగలగొడుతూ ప్రదీప్ రెండుసార్లు బయటికి పరుగెత్తి కక్కుకున్నాడు. తాత గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు, కానీ లేచిపోలేదు. ఇంత లావు ముక్క పిల్లకెలా మింగుడు పడుతుందిరా అని ఒకసారి, నీ అమ్మ నీకు అన్నం ముద్ద అలాగే విసిరేసేదా అని ఇంకోసారి ఎత్తిపొడిచాడు. పిల్లలు సులువుగా తినలేదు. కరిచాయి. బెదిరితే తిన్నదంతా వాడి చొక్కా మీదే కక్కాయి. కొన్ని సాయంత్రానికి చచ్చిపోయాయి. రెక్కలు విరిగినవాటిని తాత కబురు పెడితే అటవీశాఖ వాళ్లు వచ్చి బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లారు. మిగిలినవి సాలలో ఉన్నాయి.

తాంబూలాల రోజున ప్రదీప్ సబ్బు అరిగేదాకా రుద్దుకుని స్నానం చేశాడు. సిల్కు లాల్చీ వేసుకున్నాడు, సెంటు పూసుకున్నాడు. విజయనగరం వాళ్లు రెండు కార్లలో వచ్చారు. వస్తూనే ఉక్కగా ఉందని ముందుగదిలో కూలరు పక్కకి చేరి తలుపులు మూయించారు. ఆడవాళ్లు ఒకరి నగలు ఒకరు తడుముకున్నారు. మగవాళ్లు ఫోనుల్లో తలలు పెట్టారు. వాళ్లు దొడ్డి వైపు చూడనైనా లేదు. వీళ్ల ముక్కుల కోసమా తను ఇంత చేసింది అనుకున్నాడు ప్రదీప్. ఏదో ఒకటి తిని, ఏదో ఒకటి పుచ్చుకుని వెళ్లిపోవడానికి వచ్చిన జనం. చింతచెట్టు మీద కొంగలున్నా, కోతులున్నా వీళ్లకి ఒకటే.

ప్రదీప్ వక్కపళ్లెం పట్టుకుని పెళ్లికొడుకు తల్లి ముందుకి వంగినప్పుడు మాత్రం ఆమె ముఖం చిట్లించింది.

"మీ కొట్లో ఎండుచేపలు కూడా అమ్ముతారా బాబాయిగారూ?" అని తాతని అడిగింది.

"నేదమ్మా. మావోడు పూసుకున్న సెంటది" అన్నాడు తాత. అందరూ నవ్వారు. ప్రదీప్ కూడా పళ్లికిలించాడు.

భోజనాలయ్యాక ధర్మేంద్ర చేతులు కడుక్కోడానికి దొడ్లోకి వచ్చాడు. చెట్లకేసి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఇదేం గోల బావా? మా దగ్గర ఒకడున్నాడు. పావురాలకి మందు పెడతాడు. పంపిస్తాను, ఒక్కరోజులో క్లీన్ చేసి పెడతాడు."

చెడ్డవాడేం కాదు ధర్మేంద్ర. ఏదో సాయం చేద్దామనే అన్నాడు. ఆ తేలికపాటి గొంతు, ఆ 'క్లీన్' అన్న మాట ప్రదీప్‌కి బాగా తెలిసినవే. మొన్న తను బాబీతో ఫోన్లో అచ్చం అలాగే మాట్లాడాడు. వాంతి వచ్చే ముందు నోట్లో ఊరినట్టు ఏదో ఊరింది. అది ధర్మేంద్ర మీది రోతో, తన మీది రోతో తేల్చుకోలేకపోయాడు.

"అక్కర్లేదు" అని తువ్వాలు అందించాడు.

కార్లు వెళ్లిపోయాక లాల్చీ విప్పేసి సాలలోకి వెళ్లాడు. తాత అప్పటికే కుర్చీలో ఉన్నాడు. ప్రదీప్ గుల్లలు కొడుతూ మెల్లిగా మొదలుపెట్టాడు. తనకిప్పుడు తెలిసొచ్చిందన్నాడు. ప్రకృతిని ప్రేమించాలన్నాడు. ఊరి మొగలో కొంగల బొమ్మతో పెద్ద బోర్డు పెట్టిస్తాననీ, ఇన్‌స్టాలో పేజీ తెరిచి కుర్రాళ్లందరినీ కూడగట్టి ఈ పక్షుల్ని కాపాడతాననీ అన్నాడు. తాత మెచ్చుకుంటాడనే అనుకున్నాడు.

తాత వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"నువ్వు కాపాడతావా? నువ్వు పట్నంలో ఉన్నన్నాళ్లూ అయ్యి బాగానే ఉన్నాయి. నువ్వొచ్చినాకే కదరా ఆటికి కాపాడీవోడు కావలిసొచ్చినాడు."

ప్రదీప్ ఇంకో గుల్ల అందుకున్నాడు.

"నీ పేమ ఆటికెందుకు? నానిన్నేళ్లు కొట్లో కూకున్నాను. వచ్చినోణ్ణి ఒక్కణ్ణీ పేమించినేదు. తిట్టినాను. అయినా ఆడి సరుకు ఆడికి సరిగ్గా తూచినాను. అంతే. ఆ సెట్టు ఆటి వంతు. ఆటి వంతు ఆటికి ఒగ్గేయ్. దానికి బోర్డెందుకు, బొమ్మెందుకు?"

"దానివల్ల మనకేం వస్తుంది తాతా?" అని అడిగాడు ప్రదీప్. పొగరుతో అడగలేదు, నిజంగానే తెలీక అడిగాడు.

"ఏటీ రాదు. కంపొస్తాది. అన్నిటికీ ఏదోటి రావాలేటి?"

ఆ తర్వాత ప్రదీప్ బోర్డు ఊసెత్తలేదు. రోజూ తెల్లారగానే మడిలో దిగేవాడు. గోళ్ల సందుల్లో నల్లటి బురద పట్టేసింది. వేళ్ల నిండా పెంకుల గాట్లు. కూర్మయ్య ఒకరోజు ఏ మడిలో గుల్లలెక్కువున్నాయో గడ్డంతో చూపించాడు. అంతకు మించి ఆదరణేం చూపలేదు. నీలవేణి మళ్లీ కొట్టుకి రావడం మొదలుపెట్టింది గానీ తాత ఉన్నప్పుడే వచ్చేది. ప్రదీప్ తూచి ఇచ్చినదాన్ని చేత్తో ఓసారి బరువు చూసుకుని మరీ పుచ్చుకునేది. వాడికి రోషం రాలేదు. ఫోను పక్కన పెట్టి తక్కెడ ముల్లు నిలిచేదాకా చూసి ఇవ్వడం అలవాటయింది.

పిల్లలకి ఈకలు నిండాయి. ఒకటి మరీ పెంకెది. గుల్ల ఆలస్యమైతే వాడి ముంజేతిని ముక్కుతో పట్టుకుని మెలితిప్పేది. అది తనని గుర్తుపట్టిందని ప్రదీప్‌కి నమ్మకం కుదిరింది. తను రాగానే మిగతావాటికంటే ముందు అదే లేస్తోందని తల్లికి చెప్పుకున్నాడు. తాత విని, నిన్ను చూసి కాదు, బకెట్టుని చూసి లేస్తోందన్నాడు. వాడు ఒప్పుకోలేదు. మర్నాడు బకెట్టు బయట పెట్టి ఉత్తచేతులతో సాలలోకి వెళ్లాడు. పెంకెది ఓ కంటితో వాణ్ణి చూసి, గోడకేసి తిరిగి నిలబడింది.

సాల తలుపు అప్పటికి తీసే ఉంచుతున్నారు. ఒక ఉదయం అవి ఒకదాని వెనక ఒకటి దొడ్లోకి నడిచాయి. రెక్కలు విప్పి కొంచెం గెంతాయి, దడి మీదికి లేచాయి. పెంకెది అన్నిటికంటే ముందు లేచింది. చింతచెట్టు మీద వాలుతుందని ప్రదీప్ చూశాడు. వాలలేదు. చెట్టు దాటి, వీధి దాటి, పొలాల వైపు పోయింది. వెనక్కి తిరగలేదు.

తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "దణ్ణం ఎట్టి ఎల్తాదనుకున్నావేటి?" అన్నాడు.

ప్రదీప్ చెప్పులేసుకుని పొలాల వైపు నడిచాడు. కూర్మయ్య మడినిండా కొంగలున్నాయి, బూడిదరంగు ఒళ్లు, నల్లరెక్కలు, అన్నీ ఒక్కలాంటివే. వాడు గట్టు మీద నిలబడి ఒక్కోదాన్నీ వెతికాడు. ఒకటి మెడ కాస్త వంచి నడుస్తుంటే అదే అనుకున్నాడు. అంతలో పక్కదీ అలాగే నడిచింది. చప్పట్లు చరిచి పిలిచి చూద్దామా అనిపించింది. చేతులు లేచాయి కూడా. కానీ చరచలేదు. వాటిలో ఏదీ వాడి వైపు చూడటం లేదు. పైన ఇంకో గుంపు గుండ్రంగా తిరుగుతోంది.

మడి అవతలి గట్టు నుంచి కూర్మయ్య కేకేశాడు.

"బాబూ, అటేపెల్లిపో. నువ్వక్కడ నిలబడితే పైనున్నయ్యి దిగవు."

ప్రదీప్ గట్టు దిగాడు. అటు నుంచి రోడ్డుకి దగ్గరి దారి లేదు. కాలవ గట్టెక్కి, చుట్టూ తిరిగి, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్లాడు.